సగం కుట్టిన గౌను, వాడిన టమాటా మొక్కలు

ఈసారి వచ్చిన ఉత్తరం నాలుగు పేజీలుంది. రాసినావిడకు 41 ఏళ్లు, బడిలో టీచరు. వేసవి సెలవులు 7 వారాలు. సెలవులిచ్చిన మొదటి రోజే చేయాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. లెక్కకి 11 పనులు. కుండీల్లో కూరగాయలు పెంచడం, 13 ఏళ్ల కూతురికి గౌను కుట్టడం, క్రోషేతో దుప్పటి అల్లడం, కిటికీలకు కర్టెన్లు, చనిపోయిన అమ్మ చీరలతో బొంత, ఇంకా ఇలాంటివే.

33 రోజులు గడిచాయి. పూర్తయినవి 2: ఒక దిండు గలీబు, రంగులేసిన పూలకుండీ. 4 సగంలో ఉన్నాయి. మిగిలిన 5 ముట్టుకోనేలేదు. 14 కుండీల్లో 5 పోయాయి. టమాటాకి పూత వచ్చింది, వచ్చింది వచ్చినట్టే రాలిపోయింది. కొత్తిమీర నాలుగాకులు కోసే లోపే పువ్వు వేసింది. "మధ్యాహ్నం ఆకులు వేలాడిపోతుంటే చూడలేక రోజుకు మూడుసార్లు నీళ్లు పోస్తున్నా, అయినా కింది ఆకులు పసుపెక్కుతున్నాయి" అని రాశారు. గౌను చంకల దగ్గర పట్టేసింది, మిషన్ కింద దారం ఉండలు కడుతోంది, పాప చూసి "నేనిది వేసుకోను" అనేసింది. దుప్పటి 120 కుట్లతో మొదలై ఇప్పుడు 97కి వచ్చింది. ఇవి చాలవన్నట్టు తోటికోడలు 6 చేతిసంచులు కుట్టిపెట్టమంటే కాదనలేక సరే అన్నారు. కాగితంలో లేని పని అది.

ఒక రాత్రి భోజనాల దగ్గర భర్త "నీదెప్పుడూ ఆరంభశూరత్వమే" అన్నారు. నవ్వుతూనే అన్నారట. కానీ గుచ్చుకుంది. ఆడపడుచేమో తాను పూర్తి చేసినవి రోజుకొకటి చొప్పున ఫొటోలు పంపుతోంది. "ఇంకా 16 రోజులే ఉన్నాయి. పట్టుబట్టి అన్నీ పూర్తి చేసి చూపించనా? లేక మిషన్ ఎవరికైనా ఇచ్చేసి, కుండీలు ఖాళీ చేసి, ఇవి నా వల్ల కావని ఒప్పేసుకోనా?" ఇదీ ప్రశ్న.

ముందు కుండీల సంగతి మాట్లాడతాను. మిగతావన్నీ ఇవాళ కాకపోతే రేపు చూసుకోవచ్చు, అవి ఆగవు.

టమాటా పూత రాలినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే ఆ పువ్వులో పుప్పొడి సరిగా పనిచేయదు. పిందె కట్టని పువ్వుని మొక్క తనే వదిలేస్తుంది. ఎరువు వేసినా, బతిమాలినా అంతే. మొక్క ప్రాణంతో ఉంటే చాలు, వేడి తగ్గాక మళ్లీ పూస్తుంది, ఆ పూత నిలుస్తుంది. కొత్తిమీర సంగతీ దాదాపు ఇదే. అది చల్లదనం కోరే మొక్క, ఎండ ముదిరితే ఆకు పెట్టడం మానేసి గింజ కట్టే తొందరలో పడుతుంది. పీకేయకుండా వదిలేయండి. ధనియాలు ఎండాక కోసి దాచుకుంటే, చల్లబడ్డాక వాటినే నలిపి రెండు బద్దలుగా చేసి చల్లుకోవచ్చు. ఒక్కో ధనియంలో రెండు విత్తనాలుంటాయి కదా.

అసలు చిక్కు నీళ్ల దగ్గర ఉంది. మధ్యాహ్నం ఆకు వాలిందంటే ప్రతిసారీ దాహమేనని అనుకోనక్కర్లేదు. వేరు పైకి పంపే నీటికన్నా ఆకుల నుంచి ఆవిరయ్యేది ఎక్కువైతే, మట్టి తడిగా ఉన్నా ఆకు వాలిపోతుంది. ఎండ తగ్గితే సాయంత్రానికి తనే లేస్తుంది. తెల్లవారాక చూసినా వాలే ఉంటే అప్పుడు కంగారు పడాలి. పొద్దున్నే వేలు రెండు కణుపుల లోతుకి మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా తగిలితే కుండీ అడుగు నుంచి కారేదాకా పోయండి. తడి తగిలితే ఆ పూటకి వదిలేయండి. రోజుకు మూడుసార్లు నీళ్లు, పసుపెక్కిన కింది ఆకులు, ఈ రెండూ కలిపి చూస్తే పోయిన 5 కుండీల్లో కొన్నయినా ఎండి పోలేదు, మునిగి పోయాయని నా అనుమానం. ఒకదాన్ని బోర్లించి వేళ్లు చూడండి. పుల్లల్లా పుటుక్కున విరిగితే నీళ్లు చాలక పోయినట్టు. గోధుమరంగుకి తిరిగి, మెత్తబడి, వాసన వేస్తుంటే నీళ్లు ఎక్కువై గాలి ఆడక కుళ్లినట్టు. ఇది తెలుసుకుంటే వచ్చే ఏడాది పనికొస్తుంది.

మీవి నల్ల ప్లాస్టిక్ కుండీలని రాశారు. ఎండ పడే వైపు వాటి గోడ బాగా కాగిపోతుంది, ఆ గోడని ఆనుకున్న వేళ్లు మాడిపోతాయి. మిగిలిన తొమ్మిదింటినీ ఒకచోట దగ్గర దగ్గరగా చేర్చి, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే మూల పెట్టండి. మట్టి మీద ఎండుటాకులు రెండంగుళాల మందాన పరచండి. ఇది ఒక్క పూట పని.

ఆ తర్వాత తొమ్మిదీ ఉంచుకోవాలా అన్నది మీ ఇష్టం. బడి తెరిచాక పొద్దున్నే మీకు మిగిలేది 10 నిమిషాలైతే, 4 కుండీలు హాయిగా చూసుకోవచ్చు. తొమ్మిదైతే రెండు రోజులకోసారి ఏదో ఒకటి మర్చిపోతారు, మళ్లీ ఇదే బాధ. కొన్ని పక్కింటివాళ్లకి ఇచ్చేయవచ్చు. లేదూ, ఖాళీ అయిన కుండీల్లో వేడిని ఇష్టపడే తోటకూరో బెండో వేయవచ్చు. తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది. టమాటా పోయిందన్న దిగులు ఉన్నవాళ్లకి అది మంచి మందు.

ఇక గౌను. ఇందులో రెండు చిక్కులున్నాయి. దారం చిక్కు తేలిక.

కింద ఉండలు కడుతుంటే అందరూ బాబిన్‌ని తిడతారు. చాలాసార్లు తప్పు పైదారానిది. గుడ్డని నొక్కి పట్టే మిషన్ పాదం కిందికి దించి ఉండగా దారం ఎక్కిస్తే, దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లలు రెండూ బిగుసుకుని ఉంటాయి కాబట్టి దారం వాటి మధ్యకి దిగదు, పైపైన జారిపోతుంది. పట్టు లేని ఆ దారమంతా కిందికి పోయి గుడ్డ అడుగున ఉండ కడుతుంది. పాదం పైకెత్తి, దారం మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించండి. సూది ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే అదీ మార్చండి. మామూలు నూలు గుడ్డకి 14 నంబరు సరిపోతుంది. మిషన్‌లో ఉండాల్సిన టెన్షన్ మీలోకి వచ్చినట్టుంది, దాన్ని వెనక్కి పంపే దారి ఇదే.

చంక పట్టేసిందని ఒకేసారి లోతుగా కత్తిరించకండి. ఇది చాలామంది చేసే పొరపాటు. చంక కిందికి దిగినకొద్దీ చెయ్యెత్తినప్పుడు గౌను మొత్తం పైకి లేస్తుంది. ముందు వంపు దగ్గర కుట్టు మిగులు గుడ్డకి అక్కడక్కడ గాట్లు పెట్టి, కుట్టు దాకా పోకుండా ఆపి, ఒకసారి తొడిగి చూడండి. సగం బిగువు అక్కడే వదులుతుంది. ఇంకా పట్టేస్తే అర సెంటీమీటరు చొప్పున దించుకుంటూ పోవాలి. గుడ్డ తడపకుండానే కత్తిరించానని రాశారు. నూలు గుడ్డ మొదటి ఉతుకులో నూటికి 3 నుంచి 5 పాళ్లు ముడుచుకోవచ్చు. మీటరు పొడవు గౌను అంటే 3 నుంచి 5 సెంటీమీటర్లు. కాబట్టి పక్కలు కలిపి, ఒకసారి నీళ్లలో తడిపి ఆరేసి, ఆ తర్వాతే కింద అంచు మడిచి కుట్టండి.

రెండో చిక్కు పాపది. ఉత్తరంలో గుడ్డ ఎంచుకోవడం దగ్గర్నుంచి కత్తెర వేసేదాకా పూసగుచ్చినట్టు రాశారు. ఎలాంటి గౌను కావాలని తనని అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు. అడిగి ఉంటే, రాయడం మర్చిపోయి ఉంటే క్షమించండి. 13 ఏళ్ల పిల్లకి ఒంటి మీద ఏముండాలన్నది పెద్ద విషయం. "వేసుకోను" అన్నది గౌనుని, మిమ్మల్ని కాదు. నాలుగు పేజీలు చదివాక నాకు బాగా గుర్తుండిపోయిన వాక్యం ఒకటుంది: "ఒక్క రోజు మాత్రం పాటలు పెట్టుకుని నా పక్కనే కూర్చుని గంటసేపు తప్పు కుట్లు విప్పింది." ఈ సెలవుల్లో పాప ఫోను పక్కన పెట్టి మీ దగ్గర కూర్చున్న గంట అదొక్కటేనని కూడా మీరే రాశారు. అప్పుడు మీరేం కుట్టలేదు, ఇద్దరూ కలిసి విప్పారు. "ఈ వేసవి పాపతో గడపాలని" అన్నది మీ కాగితంలో లేదు, ఉత్తరం మొదటి పేజీలో ఉంది. కాగితం మీద ఉన్న పదకొండూ ఆ ఒక్క కోరికకి సాకులేమో ఒకసారి ఆలోచించండి.

గౌనుని మూడు రకాలుగా తేల్చవచ్చు. అనుకున్నట్టే పూర్తి చేసి ఒక్కసారైనా వేసుకోమని బలవంతపెట్టవచ్చు. అలా చేస్తే కాగితం మీద ఒక గీత కొట్టేయవచ్చు, ఒక ఫొటో మిగులుతుంది, ఆ ఫొటోలో పాప మొహం ఎలా ఉంటుందో మీకే తెలుసు. లేదా ఆ ముక్కలు, కత్తెర పాప చేతికే ఇచ్చి "దీన్నేం చేద్దాం?" అని అడగవచ్చు. పైభాగం తీసేసి గాగ్రా చేస్తుందేమో, సంచీ చేస్తుందేమో, పాడు చేస్తుందేమో. పాడు చేసినా మీరు నోరు మెదపకూడదు, ఈ దారిలో కష్టమంతా అక్కడే ఉంది. గుడ్డ పోయిందని నిట్టూర్చినా లాభం లేదు, పిల్లలకి నిట్టూర్పులు బాగా వినపడతాయి. మూడోది, మడిచి లోపల పెట్టేయడం. గుడ్డకి తొందర లేదు. నా మొగ్గు రెండోదాని వైపు, కానీ ఎదురుగా గుడ్డ పాడవుతుంటే ఊరుకోగలరో లేదో మీరే చెప్పాలి.

ఇప్పుడు గంటల లెక్క. పొద్దున 6 నుంచి 8 దాకానే కుట్టగలుగుతున్నాను, ఆ తర్వాత ఉక్కకి కూర్చోలేనని రాశారు. 16 రోజులు, రోజుకు 2 గంటలు, మొత్తం 32 గంటలు. లైనింగ్, పట్టీలు ఉన్న సంచీ మీ వేగానికి 3 గంటలు పడుతోందన్నారు. ఆరింటికి 18 గంటలు. మిగిలేవి 14. కర్టెన్లకి 8 తీసేస్తే 6 గంటలు, అది గౌనుకే బొటాబొటిగా సరిపోతుంది. దుప్పటికి, బొంతకి, ముట్టుకోని మిగతా నాలుగింటికి సున్నా. పట్టుబట్టి అన్నీ పూర్తి చేసే దారి ఇలా ఉంటుంది. రాత్రిళ్లు కూడా కూర్చుంటే ఇంకో నాలుగైదు పనులు ముగుస్తాయేమో, బడి తెరిచే రోజుకి మీరు మాత్రం వాడిన మొక్కలా ఉంటారు.

ఈ లెక్కలో సగానికి పైగా మింగేస్తున్నది మీ కాగితంలోనే లేని పని, తోటికోడలి సంచులు. వాటిని కుట్టాలనే ఉంటే కుట్టండి, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నామన్న తృప్తి చిన్నదేం కాదు. కానీ మిగతావి ఆగిపోతాయని తెలిసే కుట్టండి, తర్వాత ఆవిడ మీద మనసులో కోపం పెట్టుకోకండి. కుట్టలేననుకుంటే ఇవాళే చెప్పండి. "అక్కా, ఆరు నా వల్ల కావు. రెండు కుట్టి ఇస్తాను, మిగతావి ఇంకెలాగైనా చూసుకో, ఏమనుకోకు" అంటే చాలు, కారణాల చిట్టా విప్పక్కర్లేదు. 16 రోజుల ముందు చెబితే ఆవిడ ఓ పూట మొహం మాడ్చుకుంటుంది. రెండు రోజుల ముందు చెబితే పదేళ్లు గుర్తుపెట్టుకుంటుంది.

దుప్పటి ఎందుకు సన్నబడుతోందో చెప్పేస్తాను. ప్రతి వరసా తిప్పేటప్పుడు చివరి కుట్టు ఒకటి వదిలేస్తున్నారు. కింది వరస మొదట్లో వేసిన తిప్పు గొలుసు పైన కూడా ఒక కుట్టు పడాలి, అది కుట్టులా కనిపించదు కాబట్టి చెయ్యి దాటిపోతుంది. అలా ఒక్కొక్కటే పోయి 23 పోయాయి. ప్రతి వరసలో మొదటి కుట్టుకి, చివరి కుట్టుకి రంగు దారం ముక్క తగిలించుకుంటే ఇక తప్పిపోదు. ఇప్పటిదాకా అల్లింది విప్పాలా వద్దా అంటే, క్రోషేలో కొక్కేనికి ఉండేది ఒకే ఒక్క ఉచ్చు, లాగితే నిమిషాల్లో ఊడి వస్తుంది. విప్పిన ఊలు వంకర్లు పోయి ఉంటుంది, చిలపలు చుట్టి తడిపి ఆరేస్తే సాగుతుంది. విప్పడానికి చేతులు రాకపోతే ఇలాగే తగ్గించుకుంటూ పోండి, మూడు మూలల శాలువా అవుతుంది. చూసినవాళ్లు కావాలనే అలా అల్లారనుకుంటారు. నా దగ్గర ఒంటి చెయ్యి స్వెటర్ ఒకటి మూడేళ్లుగా ఉంది, దానికి ఇలాంటి దారి కూడా దొరకలేదు.

బడి తెరిచాక కూడా సాగేది ఏదైనా ఉందంటే అది ఈ దుప్పటే. మిషన్ బయటికి తీసి, దారం ఎక్కించి, గుడ్డ పరిచేసరికే అరగంట పోతుంది, అది ఆదివారం పని. క్రోషేకి ఆ హంగామా లేదు. పదినిమిషాలు దొరికితే ఒక వరస.

మీ వారి మాట గురించి. ఆయన నోరు మూయించడానికైతే 16 రోజులూ ఖర్చుపెట్టాలి, పైగా మూతపడుతుందన్న నమ్మకం లేదు. ఆ మాట గుచ్చుకుందని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు, ఇప్పటిదాకా మీరు చెప్పినట్టు లేదు. అయితే మూడో పేజీలో ఇంకోటి రాశారు: మిషను, గుడ్డలు భోజనాల బల్ల మీదే ఉన్నాయి, నెల రోజులుగా అందరూ కింద కూర్చుని తింటున్నారని. ఆయన మాటలో కొంత ఆ బల్ల కూడా ఉంది. మిషన్‌ని కిటికీ పక్కకి మార్చి, బల్ల ఖాళీ చేసి, ఆ రాత్రి చెప్పండి. వినిపించుకునే అవకాశం ఎక్కువ. ఆడపడుచు ఫొటోల గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. పూర్తయినవే ఎవరైనా ఫొటో తీస్తారు. నచ్చినప్పుడు బాగుందనండి, లేనప్పుడు మ్యూట్‌లో పెట్టండి.

అన్నీ వదిలేసే దారి గురించి కూడా ఒక మాట. అందులో తప్పేం లేదు. కుట్టడం, మొక్కలు పెంచడం రాకపోతే ఎవరికీ ఏ లోటూ లేదు. వదిలేస్తే ఇల్లు ఖాళీ అవుతుంది, నాలుగు రోజులు ప్రాణం హాయిగా ఉంటుంది. కానీ నిర్ణయం ఇప్పుడు తీసుకుంటే అది ఎండకీ, దారం ఉండలకీ, ఒక రాత్రి విన్న మాటకీ తీసుకున్నట్టవుతుంది. మిషన్ ఇచ్చేయాలనిపిస్తే చలికాలం దాకా ఆగి ఇవ్వండి, అదేం పాడవదు.

చివరికి బొంత. నాలుగు పేజీల్లో దానికి మీరిచ్చింది ఒక్క వాక్యం: "అమ్మ చీరలు బయటికి తీశాను, మళ్లీ లోపల పెట్టేశాను." గౌను గుడ్డ తడపకుండానే కత్తిరించగలిగిన మనిషి ఇక్కడ ఆగారంటే, అది బద్ధకమని నేననుకోను. కత్తెర పడ్డాక అది మళ్లీ చీర అవదు. మీ చెయ్యి ఆగడం సబబే అనిపిస్తోంది. ఈ వేసవికి దీన్ని కాగితం మీద నుంచి కొట్టేయవచ్చు, కుట్టలేదని ఎవరూ అడగరు. అలాగే ఉంచాలనుకుంటే ప్లాస్టిక్ కవర్లో కాకుండా నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. ఏడాదికోసారి తీసి మడతలు మార్చండి, లేకపోతే మడత పడ్డ గీత మీదే చిరుగుతాయి.

కత్తెర లేకుండా చేసే దారి కూడా ఉంది. బొంతంటే ముక్కలు అతికించిందే కానక్కర్లేదు. చీరని చీరలాగే మడతలుగా పరిచి, ఒకదాని మీద ఒకటి వేసి, మధ్య నుంచి బయటికి కచ్చా కుట్లు వేసి కదలకుండా చేసి, ఆ తర్వాత చేత్తో వరసగా సాదా కుట్టు వేసుకుంటూ పోతే అదీ బొంతే. పలచబడిన చోట కింది పొర కాపు కాస్తుంది. ఎప్పుడైనా వద్దనిపిస్తే దారం లాగేస్తే చీరలు చీరలుగానే బయటికొస్తాయి. నెలలు పడుతుంది. మిషన్ అక్కర్లేదు, బల్ల అక్కర్లేదు.

మొదలుపెట్టాలనిపిస్తే ముందు ఏ చీర ఎక్కడ పలచబడిందో చూడాలి. విప్పి, పొద్దుటి వెలుతురుకి అడ్డంగా చాపి పట్టుకుంటే తెలిసిపోతుంది. ఐదు మీటర్ల చీర ఒక్కరి చేతుల్లో నిలవదు. రెండో కొస పట్టుకోమని పాపని పిలవండి.